నిద్రించిన చెట్టు, నలతపడిన మనిషి



ఈ వ్యాసం ఒక పూలకుండీ దగ్గర మొదలై ఒక రక్తపరీక్ష దగ్గరకు చేరుతుంది. ఆ రెంటికీ నడుమ నేను చేసిన రెండు పొరపాట్లు ఉన్నాయి. మూడు దశాబ్దాలకు పైగా ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసి, రోగిని ఎలా పరిశీలించాలో హౌస్ సర్జన్లకు నేర్పినవాడిని. అయినా ఆరోగ్యంగా ఉన్న ఒక చెట్టుకు జబ్బు అంటగట్టి వైద్యం చేశాను. జబ్బుతో ఉన్న మనిషిని, అందులోనూ నా ఇంటి మనిషిని, బాగానే ఉన్నదని నమ్మి వైద్యం చేయించకుండా ఊరుకున్నాను. ఈ రెండూ ఒకే చలికాలంలో, ఒకే ఇంట్లో జరిగాయి. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉన్నది. మీలో కొందరికైనా ఉపయోగపడుతుందన్న ఆశతో, మా శ్రీమతి అనుమతి తీసుకొని రాస్తున్నాను.

అరుగు మీది రెండు కుండీలు

మా అమ్మాయి కుటుంబం అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్ర రాజధాని సాక్రమెంటోకు సమీపంలో ఉంటుంది. ఒక సంవత్సరం అక్టోబరు మధ్యలో నేను, మా శ్రీమతి అక్కడికి వెళ్ళాము. ఆరు నెలలుండి ఏప్రిల్‌లో తిరిగి రావాలని ఏర్పాటు. అక్కడి ఇళ్ళకు వెనుకవైపు రాళ్ళో సిమెంటు పలకలో పరచిన చదునైన చోటు ఉంటుంది. దానిని పాటియో అంటారు. మన పెరటి అరుగుకు దూరపు చుట్టమనుకోండి. సాయంకాలాలు అక్కడ కుర్చీలు వేసుకొని కూర్చుంటారు.

ఆ అరుగు మీద రెండు పెద్ద కుండీలలో రెండు పొట్టి చెట్లు ఉన్నాయి. నా ఛాతీ ఎత్తు కూడా లేవు. సన్నగా పొడుగ్గా ఉన్న ఆకులు కొమ్మ చుట్టూ కుచ్చులు కట్టినట్లు దట్టంగా పెరిగి, కిందికి వాలి ఉన్నాయి. ఆకుల రంగు ఎండిన మిరపకాయ రంగు. మా అమ్మాయి వాటిని ‘బాన్‌ఫైర్’ అనే రకపు పీచ్ చెట్లని చెప్పినది. ఆ మాటకు భోగిమంట వంటి పెద్ద మంట అని అర్థం. ఆర్కెన్సా విశ్వవిద్యాలయం వారు రూపొందించిన అలంకారపు రకం ఇది. వసంతంలో ముద్దగా గులాబీరంగు పూలు పూస్తుందనీ, ఆకుల అందం కోసం, పూల కోసమే పెంచుతారనీ, కాయలు కాసినా రుచి అంతంత మాత్రమేననీ అమ్మాయి వివరించినది.

పీచ్ పుట్టిల్లు చైనా. పర్షియా మీదుగా ఐరోపాకు చేరినందువలన అది పర్షియా పండే అని వారు భ్రమపడ్డారు. దాని శాస్త్రీయనామంలో ‘పెర్సికా’ అన్న మాట అలా నిలిచిపోయినది. మన దేశంలో హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్, కాశ్మీర్ వంటి చలి ప్రాంతాలలో పండుతుంది. హిందీలో ఆడూ అంటారు.

పొట్టితనం వెనుక కథ

పదేళ్ళ మా మనుమడు ఒకనాడు, “తాతయ్యా, ఈ చెట్లు ఎందుకు పెరగవు? కుండీ చిన్నదనా?” అని అడిగాడు. నాకు ఉత్సాహం పుట్టినది. కుండీ వలన కాదు, నేలలో నాటినా ఈ రకం చెట్టు ఆరడుగులు దాటడం అరుదు. అది దాని పుట్టుకలోనే ఉన్న లక్షణం.

మొక్కల కాండం పొడుగు సాగడానికి జిబ్బరెల్లిన్ అనే హార్మోను కావాలి. ఇటువంటి పొట్టి పీచ్ చెట్లలో ఆ హార్మోనుకు లోటు ఉండదు. హార్మోను తెచ్చిన కబురును అందుకోవలసిన గ్రాహకం, అంటే కణంలోని తలుపు గొళ్ళెం వంటిది, ఒక జన్యులోపం వలన సరిగా తయారు కాదు. తాళంచెవి ఉన్నది, తాళమే చెడిపోయినది. అందుచేత ఆకుకూ ఆకుకూ మధ్య కాండం సాగక, ఆకులన్నీ ఒకదానిపై ఒకటి పేర్చినట్లు ఒత్తుగా వస్తాయి. మనం మెచ్చుకునే ఆ గుబురు అందానికి కారణం అదే.

మనుషులలోనూ సరిగ్గా ఇటువంటి స్థితి ఉన్నది. ఇజ్రాయెల్ వైద్యుడు జ్వీ లారోన్ 1966లో సహచరులతో కలసి వర్ణించిన లారోన్ సిండ్రోమ్‌లో, రక్తంలో పెరుగుదల హార్మోను ఎక్కువగానే ఉంటుంది. దానిని గుర్తించే గ్రాహకం పనిచేయదు. అందువలన పిల్లలు పొట్టిగా ఉండిపోతారు. మా మనుమడికి కాగితం మీద తాళం, తాళంచెవి బొమ్మలు గీసి చూపించాను. హార్మోను లేకపోయినా చిక్కే, ఉన్నది అందకపోయినా చిక్కే అని ముగించాను. వాడు చప్పట్లు కొట్టాడు.

ఆ సమయంలో మా శ్రీమతి పక్క కుర్చీలోనే ఉన్నది. భుజాల మీద శాలువ, దాని లోపల స్వెట్టరు. నా ఉపన్యాసం సగంలో ఉండగానే కూర్చున్నచోటనే కునికిపాట్లు పడుతున్నది. విసుగు పుట్టించానేమో అనుకుని నవ్వుకున్నాను. హార్మోనుల గురించి అంత చెప్పిన నేను, ఒక్కసారి పక్కకు తిరిగి చూడవలసినది.

మొదటి పొరపాటు

నవంబరు చివరికి ఆ రెండు చెట్ల ఆకులూ వెలవెలబోయి రాలడం మొదలైనది. పదిహేను రోజులలో రెండూ ఎండుపుల్లలుగా మిగిలాయి. కోస్తా ఆంధ్రలో పుట్టి పెరిగిన నాకు, ఆకులన్నీ రాల్చి నెలల తరబడి బోడిగా నిలిచే పెరటి చెట్లతో పెద్దగా పరిచయం లేదు. మన వేప, రావి ఆకు రాల్చినా కొద్ది రోజులలోనే చిగురిస్తాయి. అందుచేత చెట్లకు ఏదో తెగులు సోకినదని నిర్ధారించుకున్నాను. రోజూ నీళ్ళు పోశాను. అల్లుడుగారి షెడ్డులో ఉన్న ఎరువు వేశాను. సాక్రమెంటో ప్రాంతంలో వర్షాలు కురిసేది చలికాలంలోనే. పైనుండి వాన, నా చేతినుండి నీరు. కుండీలలో మట్టి బురదయినది.

పక్కింటిలో నా ఈడు పెద్దమనిషి ఒకాయన ఉండేవారు. తోటపనిలో చేయితిరిగినవారు. నా హడావుడి కంచె మీదుగా చూసి, ఒకనాడు నవ్వుతూ లోపలికి వచ్చారు. బొటనవేలి గోటితో చిన్నకొమ్మ మీది బెరడును సన్నగా గీకారు. లోపల పచ్చగా, తడిగా ఉన్నది. చెట్టు చావలేదు, నిద్రపోతున్నది, నిద్రపోయేవాడి నోట్లో అన్నం కుక్కవద్దు అన్నది ఆయన మాటల సారాంశం.

తరువాత ఆ విషయం చదువుకున్నాను. పీచ్ వంటి చెట్లు చలికాలంలో సుప్తావస్థలోకి వెళతాయి. వచ్చే వసంతపు పూమొగ్గలు అప్పటికే కొమ్మ మీద తయారై, గట్టి పొలుసులలో దాగి ఉంటాయి. అవి విచ్చుకోవాలంటే ముందుగా తగినంత చలి అనుభవించాలి. సాధారణంగా 7.2 డిగ్రీల సెల్సియస్ కంటే తక్కువ ఉష్ణోగ్రతలో గడిచిన గంటలను లెక్కిస్తారు. వాటినే చలిగంటలు అంటారు. రకాన్ని బట్టి కొన్నిటికి రెండు, మూడు వందల గంటలు చాలు, కొన్నిటికి వెయ్యి దాకా కావాలి. ఆ లెక్క పూర్తి కాకుండా ఎంత ఎరువు వేసినా, ఎంత నీరు పోసినా చెట్టు సరిగా పూయదు. తడిసి ముద్దయిన మట్టిలో మాత్రం వేళ్ళకు గాలి అందక కుళ్ళిపోయే ప్రమాదం ఉన్నది. అంటే చెట్టును ఇబ్బంది పెట్టినది చలి కాదు, నా చికిత్స.

ఆ రోజునుండి నీరు తగ్గించాను. చక్రాల పీట మీద ఉన్న కుండీని ఇంటి చూరు కిందికి జరిపాను. రెండవది బరువైనది, చక్రాలు లేవు. వయసులో నడుము మీదికి తెచ్చుకోకూడదని దానిని అక్కడే వదిలేశాను. ఈ చిన్న తేడా తరువాత ముఖ్యమైనది.

రెండవ పొరపాటు

చెట్టు నిద్రను అర్థం చేసుకున్నానన్న సంతోషంలో, మా శ్రీమతి విషయంలో అదే సిద్ధాంతాన్ని అన్వయించుకున్నాను. డెబ్బయికి దగ్గరపడిన వయసు, కొత్త దేశం, చలికాలం, బయట పొగమంచు. మనిషి కొంచెం ముడుచుకొని ఉండడం సహజమే కదా! వసంతం వస్తే తనూ లేచి తిరుగుతుంది అనుకున్నాను.

ఆమెకు చలి ఎక్కువగా వేసేది. స్వెట్టరు ఇచ్చాము. చర్మం పొడిబారి పొలుసులు లేచేది. కొబ్బరినూనె రాసుకోమన్నాను. మలబద్ధకం ఉండేది. ఇసబ్‌గోల్ పొట్టు తెప్పించాను. ఒళ్ళునొప్పులకు పారాసిటమాల్ ఇచ్చాను. స్టవ్ మీద పాలు పెట్టి మరచిపోయేది. వయసు అన్నాను. బరువు పెరిగినది. ఇక్కడ నడక తగ్గినది కదా అన్నాను. ముఖం ఉబ్బినట్లున్నది. నిద్ర ఎక్కువైనదన్నాను. గుంటూరులో బయలుదేరడానికి ముందునుండే కొంత మందకొడితనం కనిపించినది. ప్రయాణపు అలసట అని సర్దిచెప్పుకున్నాను.

చూశారా, ఒక్కొక్క లక్షణానికి ఒక్కొక్క సమాధానం, ఒక్కొక్క మందు. అన్నిటినీ ఒక తాటిపై గుచ్చే ఆలోచన రాలేదు. ఇదే జాబితాను పరీక్షలో ఒక వైద్య విద్యార్థికి ఇచ్చి జబ్బు పేరు చెప్పమంటే ఒక్క నిమిషంలో చెబుతాడు. చెప్పలేకపోతే నేనే తప్పించి ఉండేవాడిని. రోగి మన ఇంట్లో, రోజూ మన కళ్ళ ముందు ఉన్నప్పుడు మార్పు కనిపించదు. అది రోజుకు ఒక గోరంత చొప్పున వస్తుంది.

ఆమె కూడా చెప్పలేదు. తరువాత అడిగితే, “అమ్మాయి ఉద్యోగంతో, పిల్లాడితో సతమతమవుతున్నది. ఈ దేశంలో డాక్టరు దగ్గరకు వెళితే ఎంత బిల్లు వేస్తారో తెలియదు. ఇంటికి వెళ్ళాక చూసుకుందామనుకున్నానండీ” అన్నది. విదేశాలలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళిన తల్లులలో చాలామంది మాట ఇదే.

పూలు పూసిన నాడు

ఫిబ్రవరి ఆఖరున ఎండుపుల్లల మీద మొగ్గలు ఉబ్బాయి. మార్చి మొదటివారంలో రెండు చెట్లూ ఒక్కసారిగా పూశాయి. ఇంకా ఆకు రాని కొమ్మ నిండా, కిందినుండి చివరిదాకా, ముద్ద గులాబీరంగు పూలు. పగటి ఎండ వెచ్చబడినది. మా మనుమడు చొక్కాతోనే అరుగు మీద పరుగులు తీస్తున్నాడు. చెట్ల పక్కన నిలబెట్టి ఫోటో తీద్దామని మా శ్రీమతిని పిలిచాను. ఆమె రెండు స్వెట్టర్లతో, శాలువతో వచ్చి, “ఏమండీ, త్వరగా కానివ్వండి, చలిగా ఉన్నది” అన్నది.

అక్కడ నా మనసులో ఏదో ములుకు గుచ్చుకున్నట్లయినది. చలికి ముడుచుకున్న చెట్టు చలి పోగానే లేచినది. ఈమె లేవలేదు. కారణం చలే అయితే, చలి పోయాక కూడా ఇలా ఎందుకున్నది?

అదే రాత్రి గుంటూరునుండి మా మరదలు వీడియో కాల్ చేసినది. సమయాలు కుదరక ఆ అక్కాచెల్లెళ్ళు మాట్లాడుకుని రెండు నెలలయినది. రెండు మాటలు కాగానే, “అక్కా, గొంతు అలా ఉన్నదేమిటి? మగగొంతులా బొంగురుపోయినది. మాట కూడా నెమ్మదిగా వస్తున్నది. బావగారూ, అక్కకు ఒంట్లో బాగుందా?” అని అడిగినది. ఆమె ఎనిమిదో తరగతి వరకు చదువుకున్న గృహిణి. వేల మైళ్ళ దూరంనుండి, ఫోను తెర మీద, ఒక్క నిమిషంలో పట్టుకున్నది.

ఫోను పెట్టేశాక మా శ్రీమతి నాడి చూశాను. నిమిషానికి 54. కుర్చీ మీద మోకాళ్ళపై నిలబెట్టి, మడమ వెనుక నరం మీద అరచేతి అంచుతో తట్టాను. పాదం కదిలినది, కానీ తిరిగి యథాస్థానానికి రావడంలో స్పష్టమైన ఆలస్యం. థైరాయిడ్ హార్మోను తక్కువైనప్పుడు కనిపించే పాతకాలపు గుర్తు ఇది. నా అధ్యాపకులు నాకు నేర్పినది, నేను నా విద్యార్థులకు నేర్పినది. దానికి ఏ యంత్రమూ అక్కరలేదు. ఒక కుర్చీ, ఒక అరచెయ్యి, చూడాలన్న బుద్ధి చాలు.

మరునాడు అమ్మాయి దగ్గరలోని క్లినిక్‌కు తీసుకువెళ్ళినది. రక్తపరీక్షలో టీ.ఎస్.హెచ్. 60 దాటినది. అది మామూలుగా సుమారు 0.4 నుండి 4 వరకు ఉండాలి. పెద్దవయసులో కాస్త ఎక్కువగా ఉండవచ్చు గానీ, 60 అంటే ఇక వాదన లేదు. థైరాక్సిన్ దాదాపు అడుగంటినది. అక్కడి యువవైద్యురాలు గౌరవంగా, “ఎన్నాళ్ళనుండి ఇలా ఉన్నారు?” అని అడిగినది. నేను తలవంచుకున్నాను.

ఇంటికి తిరిగివస్తూ కారులో మా శ్రీమతి అన్న మాట మీకు చెప్పి తీరాలి. “చెట్టును గోటితో గీకి చూశారు. నన్ను ఒక సూదితో గుచ్చి చూడలేకపోయారా?”

థైరాయిడ్ మాంద్యం గురించి కొంత

మెడ ముందుభాగంలో సీతాకోకచిలుక ఆకారంలో ఉండే థైరాయిడ్ గ్రంథి, శరీరంలోని ప్రతి కణం పనిచేసే వేగాన్ని నిర్ణయిస్తుంది. ఆ హార్మోను తగ్గితే గుండె, పేగు, మెదడు, చర్మం అన్నీ మందగిస్తాయి. అప్పుడు మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి, ఇంకా పనిచేయమని థైరాయిడ్‌ను అదిలిస్తూ టీ.ఎస్.హెచ్.ను ఎక్కువగా పంపుతుంది. అందుకే థైరాయిడ్ పని తగ్గినప్పుడు టీ.ఎస్.హెచ్. అంకె పెరుగుతుంది. చాలామంది పాఠకులు తికమకపడేది ఇక్కడే.

పెద్దవారిలో దీనికి ముఖ్యమైన కారణం, శరీర రక్షణవ్యవస్థ తన థైరాయిడ్‌నే పరాయిదనుకుని దెబ్బతీయడం. దీనిని జపాను వైద్యుడు హకరు హషిమోటో 1912లో వర్ణించారు. ఆయన పేరుతోనే ఆ జబ్బును పిలుస్తారు. పురుషులకంటే స్త్రీలలో ఎక్కువ. వయసుతో పాటు పెరుగుతుంది.

వృద్ధాప్యంలో ఇది ఒక మారువేషగాడు. మతిమరుపుగా కనిపిస్తే వయసు అంటాము. దిగులుగా కనిపిస్తే ఇంటిమీద బెంగ అంటాము. నొప్పులుగా కనిపిస్తే కీళ్ళవాతం అంటాము. ఏళ్ళ తరబడి వైద్యం లేక ముదిరిపోతే, తీవ్రమైన చలిగానీ, ఊపిరితిత్తుల ఇన్‌ఫెక్షన్‌గానీ, నిద్రమాత్రగానీ తోడైనప్పుడు స్పృహ కోల్పోయి ప్రాణం మీదికి వచ్చే పరిస్థితి కూడా ఉన్నది. మా శ్రీమతి ఆ చలికాలంలో ఒకటి రెండుసార్లు, మధ్యాహ్నం నిద్రవలన రాత్రి నిద్ర పట్టడం లేదన్నది. నిద్రమాత్ర ఇవ్వలేదు. అది నా వివేకం కాదు, ఇంట్లో ఆ మాత్ర లేకపోవడమే కారణం. తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

మంచి కబురు ఏమంటే, ఇంత చవకగా, ఇంత సంపూర్ణంగా తగ్గించగల దీర్ఘవ్యాధులు తక్కువ. 1891లో ఇంగ్లండులో జార్జ్ మర్రే అనే యువవైద్యుడు గొర్రె థైరాయిడ్‌నుండి తీసిన సారాన్ని ఇటువంటి రోగికి ఎక్కించాడు. ఆమె ఆ తరువాత సుమారు ఇరవయ్యెనిమిదేళ్ళు బతికినది. నేడు మనకు చిన్న లీవోథైరాక్సిన్ మాత్ర ఉన్నది.

దానిని తీసుకోవడంలో కొన్ని నియమాలున్నాయి. పరగడుపున మంచినీళ్ళతో వేసుకోవాలి. కాఫీకి, ఫలహారానికి అరగంటనుండి గంట ముందు ఉండాలి. కాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ నాలుగు గంటల ఎడం కావాలి. పెద్దవయసులో, ముఖ్యంగా గుండెజబ్బు ఉన్నవారిలో, తక్కువ మోతాదుతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచాలి. ఒక్కసారిగా పెంచితే గుండె మీద భారం పడుతుంది. ఆరునుండి ఎనిమిది వారాలకు మళ్ళీ టీ.ఎస్.హెచ్. చూసి మోతాదు సవరిస్తారు. బాగున్నదని సొంతంగా మానివేయకూడదు, బాగాలేదని సొంతంగా పెంచకూడదు.

మా శ్రీమతికి 25 మైక్రోగ్రాములతో మొదలుపెట్టారు. మేము బయలుదేరే నాటికి ఒక స్వెట్టరు తగ్గినది. గుంటూరు వచ్చాక మోతాదు రెండుసార్లు పెంచవలసి వచ్చినది. ఆగస్టు నాటికి పాత గొంతు తిరిగి వచ్చినది. ఆ గొంతుతో మొదట నన్నే కేకలేసినది. విని సంతోషించాను.

ఆకుముడత చెప్పిన పాఠం

చెట్ల కథ ఇంకొంచెం మిగిలి ఉన్నది. చెట్టు నిద్రలో ఉన్నదని చెప్పిననాడే పక్కింటి పెద్దమనిషి మరొక మాట కూడా చెప్పారు. ఆకులు రాలాక ఒకసారి, మొగ్గలు ఉబ్బకముందు మరొకసారి రాగి మందు పిచికారీ చేయమన్నారు. ఆకే లేని చెట్టుకు ఆకుతెగులు మందేమిటని నేను పట్టించుకోలేదు.

మార్చి చివర కొత్త ఆకులు వచ్చాయి. వానలో వదిలేసిన బరువైన కుండీలోని చెట్టుకు ఆకులు మందంగా, ఉబ్బి, అప్పడం కాలినట్లు ముడుచుకుపోయాయి. మన గుంటూరు రైతుకు మిరపలో ఆకుముడత బాగా తెలుసు. అక్కడ తామరపురుగులు, నల్లులు కారణం. పీచ్‌లో కారణం ఒక శిలీంధ్రం. దాని బీజాలు చలికాలమంతా కొమ్మల మీద, మొగ్గల పొలుసుల మీద కనిపించకుండా కూర్చుంటాయి. మొగ్గ విచ్చే సమయంలో వాన తడి తగిలితే లేత ఆకులోకి దూరతాయి. ముడత కంటికి కనిపించాక ఏ మందు కొట్టినా ఆ ఏటికి ప్రయోజనం ఉండదు. చూరు కింద పొడిగా ఉన్న చెట్టు మాత్రం దాదాపు శుభ్రంగా ఉన్నది. రెండిటికీ మందు పడలేదు. ఒకదానికి గొడుగు దొరికినది, అంతే తేడా.

ముడతపడిన ఆకులు రాలిపోయి, ఎండలు ముదిరాక కొత్త ఆకులు వచ్చాయని అమ్మాయి తరువాత చెప్పినది. చెట్టు బతికినది. ఏ చికిత్సకైనా ఒక వేళ ఉంటుంది. లక్షణం లేనినాడు చేసే చిన్నపని, లక్షణం వచ్చాక చేసే పెద్దపని కంటే మేలు. టీకాల సూత్రం ఇదే, ముందస్తు రక్తపరీక్షల సూత్రమూ ఇదే.

పాఠకులు అడగగల రెండు ప్రశ్నలు

ఈ చెట్టును మన మేడమీద కుండీలో పెంచవచ్చా? అందమైన ఫోటోలు చూసి డబ్బు వృథా చేసుకోకండి. విజయవాడ, గుంటూరు, హైదరాబాదు వంటి చోట్ల రాత్రి ఉష్ణోగ్రత 7 డిగ్రీలకు దిగడమే అరుదు. ఇక వందల చలిగంటలు ఎక్కడినుండి వస్తాయి? చెట్టు కొన్నాళ్ళు ఆకులతో బతికినా, నిద్ర సరిగా పట్టక, మెలకువ సరిగా రాక క్షీణిస్తుంది. మన ఎండకు పొట్టిరకం దానిమ్మ ఉన్నది. కుండీలో హాయిగా పెరుగుతుంది, ఎర్రగా పూస్తుంది. విదేశాలలో చలి ప్రాంతాలలో ఉన్న మనవారు మాత్రం నిరభ్యంతరంగా పెంచుకోవచ్చు. అడుగున రంధ్రాలున్న పెద్ద కుండీ, రోజుకు ఆరునుండి ఎనిమిది గంటల ఎండ, వేసవిలో క్రమం తప్పని నీరు, చలికాలంలో వాననుండి రక్షణ ఉంటే చాలు. కిందటి ఏడు పెరిగిన కొమ్మల మీదనే పూలు వస్తాయి గనుక పూలు రాలాకనే కత్తిరింపు చేయాలి.

పండు తినవచ్చా? కండ నిరపాయకరమే. కాకపోతే ఈ అలంకారపు రకాలలో రుచి తక్కువ. గింజను పగలగొట్టి లోపలి పప్పును మాత్రం తినకూడదు, పిల్లలను తిననివ్వకూడదు. అందులోని అమిగ్డలిన్ కడుపులో సయనైడ్‌ను విడుదల చేస్తుంది. ఇటువంటి గింజలలోని పదార్థాన్ని ‘విటమిన్ బి 17’ అని పేరుపెట్టి కాన్సర్ మందుగా ప్రచారం చేసేవారున్నారు. అది విటమిన్ కాదు, కాన్సర్‌ను తగ్గించదు.

చివరగా నా మనవి

పిల్లల దగ్గరకు విదేశాలకు బయలుదేరే పెద్దలారా, టికెట్టుతో పాటు రక్తపోటు, చక్కెర, రక్తహీనత, మూత్రపిండాల పరీక్షలతో బాటు టీ.ఎస్.హెచ్. కూడా చేయించుకోండి. సందర్శకుల బీమా పాలసీలలో చాలావాటికి, ముందునుండి ఉన్న జబ్బుల విషయంలో పరిమితులు ఉంటాయి. ఇక్కడే తెలుసుకొని వెళ్ళడం మేలు. వాడే మందులను వైద్యుని చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి. అక్కడ నలతగా ఉంటే బిల్లుకు భయపడి దాచకండి. ఆలస్యమైన జబ్బు బిల్లు అంతకంటే పెద్దది.

పిల్లలారా, అమ్మ చలిగా ఉన్నదంటే మరొక దుప్పటి ఇవ్వండి. కానీ అందరికీ ఉక్కపోస్తున్న గదిలో కూడా అమ్మకు చలిగా ఉంటే, దుప్పటితో ఆగకండి. విశ్రాంతికి ఒక గడువు ఉంటుంది. కారణం తొలగితే అది ముగుస్తుంది. కారణం తొలగినా ముగియనిది విశ్రాంతి కాదు, జబ్బు. నాకు ఇంత చదువు తరువాత ఒక కుండీలోని చెట్టు ఈ తేడాను నేర్పినది.

నా తోటి వైద్యులకు ఒక్క మాట. మన ఇంటివారికి మనం మంచి వైద్యులం కాలేము. ఏడాదికి ఒకసారైనా వారిని మరొకరి ఎదుట కూర్చోబెట్టండి.

మీ అమ్మానాన్నలు దూరంగా ఉంటే, ఈ రాత్రి ఫోను చేసినప్పుడు వారు చెప్పే కబుర్లతో పాటు చెప్పే గొంతును కూడా వినండి. ఏదైనా తేడాగా తోస్తే, మా మరదలిలాగా మొహమాటం లేకుండా అడగండి.